ఓనరు బాబాయి గారు, డూప్లికేట్ తాళం

ఒడిశా బరంపురంలో అద్దెకుండే మన తెలుగువాళ్లకి ఒక జబ్బుంది, మొదటి నెల అద్దె చేతిలో పెట్టేలోపే ఓనరు బాబాయి గారైపోతారు, ఆవిడ పిన్ని గారైపోతారు, బాగానే ఉంటాది, పండక్కి గారెలు కూడా వస్తాయి, కానీ స్లాబు కారడం మొదలయ్యాక తెలుస్తాది అసలు చిక్కేటో. బాబాయి గారికి నోటీసెలా ఇస్తాం? చెప్పకుండా లోపలికి రాకండి అని ఏ నోటితో అంటాం?

మాది మేడ మీద వాటా, మా పైన ఇంక డాబాయే. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కదా, ఈ ఉప్పుగాలికి స్లాబులో రాడ్లు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన రాడ్డు ఉబ్బుతాది, ఉబ్బి కింద సిమెంటుని తోసేస్తాది, పెచ్చులూడేది అందుకే. దాని మీద పుట్టీ రాసి రంగేసేస్తే ఎన్నాళ్లో ఆగదు, పెచ్చు మొత్తం కొట్టేసి రాడ్డు తుప్పు గీకి మళ్లీ పూయాలి, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, అద్దెకున్నవాళ్లు చేయించుకునే పని కాదది. వంటింటి మూల చెమ్మ దిగుతోందని వానలు మొదలైనప్పుడే చెప్పాం, చూద్దాంలే అమ్మా అన్నారు.

చూడ్డానికి వచ్చారు కూడా. నేను డ్యూటీలో ఉన్నాను, అమ్మ అన్నం తిని కాస్త నడుం వాల్చింది, లోపల గడియ పెట్టలేదు, వంటింట్లో ఠక్కు ఠక్కుమని చప్పుడైతే లేచి చూసిందట. బాబాయి గారు, ఆయన వెనకాల తాపీ మేస్త్రీ, తలుపుకి డూప్లికేట్ తాళంచెవి వేలాడుతూ. నిచ్చెన మా బట్టల స్టాండుకి చేరేసి ఉంది, మేస్త్రీ సుత్తితో స్లాబు కొట్టి ఎక్కడ డొల్ల చప్పుడొస్తోందో చూస్తున్నాడు, పెచ్చులు మూత తీసున్న కందిపప్పు డబ్బాలో పడుతున్నాయి. అమ్మ ఏమీ అనలేదు, ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చాక నాకు ఆ డూప్లికేట్ తాళం కంటే ఆ టీ మీదే ఎక్కువ కోపమొచ్చింది.

అడిగితే ఆయనన్నదేటంటే, "మనిల్లే కదమ్మా, నీ బాగుకే కదా మేస్త్రీని తీసుకొచ్చాను, దొంగతనానికి వచ్చానా?" ఇందులో అబద్ధమేమీ లేదు, అదే తంటా. వచ్చింది మంచి పనికే.

ఇల్లు ఆయనదే, కాదని ఎవరన్నారు. కానీ అద్దెకిచ్చాక అందులో ఉండే హక్కు మాది. 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ ఇప్పటికీ దీనికంతటికీ పునాది, దాంట్లో 108వ సెక్షన్ చదివితే రెండు వైపులా ఉంటాయి మాటలు. అద్దె కట్టుకుంటూ షరతులు పాటిస్తున్నంత కాలం కిరాయిదారు ఎవరి అడ్డూ లేకుండా ఉండొచ్చు. అలాగే ఓనరు గాని ఆయన మనుషులు గాని ఇల్లెలా ఉందో చూసుకోడానికి వస్తే కిరాయిదారు రానివ్వాలి, కాకపోతే సమంజసమైన వేళల్లో. చూసి ఫలానాది పాడైంది అని ఆయన నోటీసిస్తే, అది మన వల్లే పాడైతే మూడు నెలల్లో మనమే బాగుచేయించాలి. ఎప్పుడంటే అప్పుడు తాళం తీసుకుని దూరిపోవచ్చని ఎక్కడా లేదు. 'రానివ్వాలి' అంటేనే తలుపు తీసేది మనమని.

ఇంతవరకూ చాలామంది చెప్తారు, ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఓనరు రిపేరు చేయించకపోతే మనం చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చని అందరూ అంటారు కదా, అదే సెక్షన్‌లో ఉంది నిజమే, నోటీసిచ్చి కొంతకాలం చూసి అప్పుడు చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా తగ్గించుకోవచ్చు, కానీ ఏ రిపేరుకి? 'ఆయన చేయించాల్సి ఉన్న' రిపేరుకి. ఆయన చేయించాలని ఆ చట్టం తనంతట తాను చెప్పదు, అగ్రిమెంట్‌లో ఉండాలి. పైగా ఆ సెక్షన్ మొదట్లోనే, వేరే ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేకపోతేనే ఇవన్నీ అని ఉంది. అంటే మొత్తం వచ్చి కోర్టు గేటు దగ్గర టైపు కొట్టించే ఆ స్టాంపు పేపరు మీద పడతాది. మనం దాన్ని చదవం. ఇంగ్లీషులో ఉంటాది, పాత దాన్ని పెట్టి కొత్త పేర్లు మారుస్తారు, పదకొండు నెలలు, ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి, అద్దె ఎంత అడ్వాన్సు ఎంత చూసి సంతకం పెట్టేస్తాం. మాదాంట్లో రిపేర్ల గురించి ఒక్క ముక్క లేదు, ఓనరు 'ఎప్పుడైనా' వచ్చి చూసుకోవచ్చని మాత్రం ఉంది!

చంద్రపూర్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు ఫోన్లో ఇది విని నవ్వింది, వాళ్ల మహారాష్ట్రలో 1999 రెంట్ కంట్రోల్ చట్టం వర్తించేచోట ఇల్లు బాగుంచే బాధ్యత ఓనరుదే అని రాసే ఉంది, 15 రోజులకి తగ్గకుండా నోటీసిచ్చి, చేయించకపోతే మనం చేయించుకుని ఆ ఏడాది అద్దెలో నాలుగో వంతు మించకుండా తగ్గించుకోవచ్చు, ఓనరు చూడ్డానికి రావాలన్నా ముందుగా చెప్పి తగిన వేళలో రావాలి.

2021లో కేంద్రం ఒక మోడల్ టెనెన్సీ యాక్ట్ రాసి రాష్ట్రాలకి పంపింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తెచ్చుకుంటేనే చట్టం, అయినా ఒప్పందం రాసుకోడానికి దాన్ని పక్కన పెట్టుకోవచ్చు, చక్కగా విడగొట్టారు. స్లాబూ గోడలూ లాంటివి, సున్నాలు వేయించడం, పైపులు మార్చడం, వైరింగు ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, గీజరు, తలుపు గొళ్లేలు, కిటికీ అద్దాలు, మురుగు క్లీనింగ్ కిరాయిదారువి. లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాసి చెప్పాలి, ఫోన్లో మెసేజీ అయినా సరే, ఎందుకొస్తున్నారో ఏ టైముకో చెప్పాలి, సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదు. వరద, అగ్నిప్రమాదం, తుఫాను లాంటివైతే ఇవేమీ అక్కర్లేదు. మన వైపు దీనికి విడిగా చెప్పాలా, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను వచ్చిన రాత్రి డాబా మీద ట్యాంకు ఎగిరిపోతుంటే ఎవరు ఎవర్ని నోటీసడుగుతారు.

సరే నేనేం చేశానంటే పోట్లాడలేదు. పెచ్చుల ఫోటోలు, రాడ్డు బయటపడ్డ చోటు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను, కింద ఇలా రాశాను: "బాబాయి గారూ, వంటింటి స్లాబు ఫోటోలు పంపుతున్నాను, కింద నిలబడాలంటే భయంగా ఉంది. ఆదివారం పొద్దున్న పది తర్వాత నేనుంటాను, మేస్త్రీని తీసుకుని రండి, సామాన్లు సర్ది ఉంచుతాను. మిగతా రోజుల్లో అమ్మ ఒక్కతే ఉంటాది, ముందు ఫోన్ చేసి రండి." గౌరవానికి గౌరవం ఉంది, తేదీ ఉంది, పని ఏటో ఉంది. రెండు రోజులు నీలం టిక్కులు మాత్రమే వచ్చాయి, తర్వాత పిన్ని గారు మెట్ల మీద కనిపించి "ఏటమ్మా కోర్టు కాయితంలా రాశావు" అన్నారు. ఆదివారం మాత్రం వచ్చారు, బెల్లు కొట్టి.

ఇదే వీధిలో అటు తిరిగిన కథ కూడా ఉంది, స్టూడెంట్స్ నలుగురు మేడ మీద ఉంటారు, వాళ్ల బాత్రూం నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ కింద గొట్టం) దగ్గర లీకై నీళ్లు కింద వాటా వాళ్ల దేవుడి గూట్లోకి దిగుతున్నాయి, ప్లంబరు వస్తే నిద్రలో ఉన్నాం రేపు రా, పరీక్షలు ఎల్లుండి రా అని తిప్పుతూనే ఉన్నారు. ప్రైవసీ అంటారు. టైము ముందే చెప్పి వచ్చినవాడికి తలుపు తీయకపోవడం ప్రైవసీ కాదు, తీరా డ్యామేజీ పెరిగితే ఆ ఖర్చులో కొంత ఆ స్టూడెంట్స్ మీదకే రావచ్చు.

అద్దె ఆపేసి బెదిరించమని ఆఫీసులో సలహాలిచ్చారు నాకు. అది మాత్రం చేయకండి, బాకీ పడితే మాట మనదగ్గర ఉండదు. ఒప్పందంలో గాని స్థానిక చట్టంలో గాని వేరేలా లేకపోతే నెలవారీ అద్దెని 15 రోజుల నోటీసుతో ముగించొచ్చని అదే 1882 చట్టం 106వ సెక్షన్‌లో ఉంది, దాన్ని గుర్తుంచుకుని మాట్లాడాలి. అలాగని మనం లేనప్పుడు తాళం మార్చేసి సామాన్లు బయట పడేస్తే ఊరుకోవాల్సిన పనీ లేదు, ఇల్లు ఎవరిదన్న గొడవ లేకుండానే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఇంటిని మళ్లీ మన చేతికి ఇప్పించమని కోర్టుకెళ్లొచ్చు. లాయరుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేస్తే లీగల్ సర్వీసెస్ వాళ్లు చెప్తారు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితం. మన కలెక్టరేట్ ఛత్రపురంలో ఉన్నా జిల్లా కోర్టు బరంపురంలోనే ఉంది కాబట్టి తిరగడం కూడా తేలికే.

ఈసారి అగ్రిమెంట్ మళ్లీ రాసినప్పుడు 'ఎప్పుడైనా' కొట్టించి 'ఒక రోజు ముందు చెప్పి, పగటిపూట' అని పెట్టించాను, స్లాబు, పైపులు, వైరింగు ఓనరువి అని ఒక లైను. బాబాయి గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, అయితే కుళాయిలు నీవి కదా, నీవని కూడా రాయించు అన్నారు. రాయించాను.