చామంతి టీ అంటే పూజకి తెచ్చుకునే చామంతి కాదండీ

పోయిన శనివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్. "ఏవే, నువ్వు చెప్పిన చామంతి టీ పెట్టుకున్నానే, వేపాకు నమిలినట్టుంది, పైగా ఏదో మందు వాసన" అంది. నాకు ముందు అర్థం కాలేదు. ఏ పూలు వేశావమ్మా అంటే, పూజకని కడియపులంక నుంచి తెప్పించుకున్న పసుపు చామంతులు ఓ గుప్పెడు తీసి కడిగి, గిన్నెలో వేసి పావుగంట సేపు మరిగించిందట. రెండు గుక్కలు తాగి చేదు తట్టుకోలేక పారబోసిందట, అదే నయం. ఆ రోజంతా గంటకోసారి ఫోన్ చేసి కడుపులో ఎలా ఉందమ్మా అని అడుగుతూనే ఉన్నాను, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కానీ ఇందులో అమ్మ తప్పేం లేదు, వారం ముందు ఫోన్లో నేనే "చామంతి టీ తాగమ్మా, రాత్రిళ్ళు కాస్త నెమ్మదిగా ఉంటుంది" అన్నాను. నేను చెప్పింది కామోమైల్ అనే వేరే పువ్వుతో పెట్టే టీ గురించి, తెలుగులో ఎక్కడ చూసినా ఆ కామోమైల్‌ని చామంతి అనే రాస్తున్నారు కదా, నాకూ అదే నోటికొచ్చేసింది.

రెండూ ఒక కుటుంబం మొక్కలే, బంతి, సూర్యకాంతి కూడా ఆ కుటుంబమే. కానీ మొక్క వేరు. మన చామంతి క్రిసాంథమమ్. చైనాలో దాంతో కూడా టీ పెట్టుకుంటారు, నిజమే, కానీ అవి తాగడానికని విడిగా పెంచి ఎండబెట్టిన పూలు. మన పూల మార్కెట్‌కి వచ్చేవి దండలకోసం పెంచినవి, పేనుబంకకనీ తామర పురుగులకనీ మందు కొడతారు, ఎవరో వాటిని మరగబెట్టుకుని తాగుతారని రైతు ఎందుకనుకుంటాడు పాపం. కాబట్టి దయచేసి ఆ పని చెయ్యకండి, ఎంత కడిగినా సరే.

కామోమైల్ పువ్వు చాలా చిన్నది, ఎండాక చొక్కా బొత్తాం అంతే ఉంటుంది. మధ్యలో పసుపు బుడిపె, చుట్టూ తెల్ల రేకులు, అవి ఎండితే ముడుచుకుపోయి కిందకి అతుక్కుంటాయి. హైదరాబాద్‌లో దీనికి ఎప్పట్నుంచో పేరుంది, యునానీ మందుల కొట్టుకెళ్ళి గుల్-ఎ-బాబూనా అనండి, ఇస్తారు. నేను మొదటిసారి కొన్నది చార్మినార్ దగ్గరే, నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న వైపు ఒక చిన్న కొట్లో. ఇంటికొచ్చాక ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుని బొటనవేలి గోరుతో నిలువుగా చీల్చి చూశాను. లోపల బోలుగా ఉంది, చిన్న శంఖువులా. ఇది జర్మన్ కామోమైల్ అని గుర్తుపట్టడానికి ఆ బోలే ఆనవాలు, రోమన్ కామోమైల్ అని ఇంకోటుంది, దానికి లోపల గట్టిగా నిండుగా ఉంటుంది. టీకి ఎక్కువమంది వాడేది ఈ జర్మన్ రకమే. నలిపి వాసన చూస్తే ఎండిన గడ్డి వాసనలో కలిసిపోయి ఆపిల్ వాసన తగుల్తుంది, గ్రీకులు దీనికి పెట్టిన పేరుకి అర్థమే నేల ఆపిల్ అని, స్పానిష్‌లో మంజనీయా అంటారు, అంటే చిన్న ఆపిల్. పేరు పెట్టినవాళ్ళెవరో ముక్కుతో చూసి పెట్టారు, అది నాకు భలే నచ్చుతుంది.

ఇక పెట్టడం సంగతి. మనకి టీ అంటే మూడు పొంగులు రావాల్సిందే, అమ్మా అదే చేసింది. దీనికి అది పనికిరాదు. నేనైతే గ్లాసున్నర నీళ్ళు కాగబెట్టి, తెర్లాక స్టవ్ కట్టేసి, రెండు చెంచాలు ఎండు పూలు (రెండు గ్రాముల దాకా తూగుతాయి, పూలు గుల్లగా ఉంటాయి కాబట్టి చూడ్డానికి ఎక్కువ అనిపిస్తాయి) వేసున్న కప్పులో పోసి వెంటనే మూత పెట్టేస్తాను. మూత ముఖ్యం. ఎందుకంటే ఇందులో ఉన్న సువాసన నూనె ఆవిరితో పాటే పోతుంది, వంటిల్లంతా ఘుమఘుమలాడుతోంది అంటే కప్పులో ఏమీ మిగల్లేదనే. ఏడెనిమిది నిమిషాలయ్యాక మూత తీసి చూడండి, అడుగున నీటి బొట్లు పట్టి ఉంటాయి, వాటిని సింకులో దులపకుండా మళ్ళీ కప్పులోకే కార్చేయండి, వాసనంతా ఆ బొట్లలో ఉంటుంది. రంగు లేత తేనె రంగు వస్తే సరిపోయింది. ఇంకా ముదిరితే చేదు తిరుగుతుంది.

వడకట్టేటప్పుడు మామూలు టీ వడపోతలోంచి పసుపు పొడి దిగిపోతుంది, గొంతులో గరగరలాడుతుంది, పల్చటి పంచె గుడ్డ ముక్క వేసి వడకట్టుకుంటే హాయి. పాలు వద్దు, నేను ఒకసారి పోసి చూశాను, రెండు రుచులూ పోయాయి. తేనె కావాలంటే కాస్త చల్లారాక వేసుకోండి (ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు). పూలు గాజు సీసాలో, స్టవ్‌కి దూరంగా, వెలుతురు తగలని చోట పెట్టుకోండి, మా ఇంట్లో స్టవ్ పక్క అరలో పెట్టిన సీసా మూడు నెలలకే ఉత్త గడ్డి అయిపోయింది.

ఇంకో విషయం, దీన్నించి ఆవిరి పట్టి నూనె తీస్తే ఆ నూనె ముదురు నీలం రంగులో ఉంటుంది! పువ్వులో నీలం చుక్క కూడా లేదు, లోపలున్న మాట్రిసిన్ అనేది వేడికి చామజులీన్ అనే నీలం పదార్థంగా మారి ఆ రంగొస్తుంది. మనదేశంలో దీన్ని లక్నో చుట్టుపక్కల పండిస్తారు, అక్కడ మందు మొక్కల మీద, సువాసన మొక్కల మీద పరిశోధన చేసే సీమ్యాప్ సంస్థ దీని మీద చాలా పని చేసింది, చౌడు నేలల్ని కూడా ఈ మొక్క తట్టుకుంటుంది.

నిద్ర మాత్రలా పడుకోబెట్టేస్తుందని మాత్రం నేను చెప్పను. ఇందులో ఎపిజెనిన్ అనే పదార్థం ఉంది, మెదడుని కొంచెం నెమ్మదింపజేస్తుందని చెప్తారు, కానీ ఒక కప్పులో దిగేది తక్కువే. కెఫీన్ లేదు, వేడిగా ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పక్కన పడేసి పది నిమిషాలు ఒకచోట కూర్చుంటాను, నాకు మేలు అక్కడే జరుగుతోందని నా నమ్మకం.

అసలు ఈ పోస్ట్ రాయడానికి ఇంకో కారణం నాన్న. అమ్మ ఆ ఫోన్లోనే "ఈసారి సరైన పూలు పంపు, మీ నాన్నకీ ఇస్తాను" అంది. నాన్నకి గుండె వాల్వ్ మార్చారు, రోజూ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) వేసుకుంటారు. 2006లో కెనడా మెడికల్ జర్నల్‌లో ఒక కేసు వచ్చింది, వార్ఫరిన్ వాడుతున్న 70 ఏళ్ళ ఆవిడ కామోమైల్ టీ తాగుతూ కామోమైల్ లోషన్ కూడా రాసుకుందట, లోపల రక్తస్రావమై ఆసుపత్రి పాలైంది. ఒక్క కేసే కావచ్చు, మా నాన్న విషయంలో నాకు ఆ ఒక్కటి చాలు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళూ, గర్భంతో ఉన్నవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా దీని జోలికి వెళ్ళకండి. చామంతి, బంతి పూలు పట్టుకుంటే తుమ్ములూ దద్దుర్లూ వచ్చేవాళ్ళకి కూడా ఇది పడకపోవచ్చు.

అమ్మకి పావు కిలో బాబూనా కొరియర్ చేశాను, డబ్బా మీద స్కెచ్‌పెన్నుతో "నాన్నకి వద్దు" అని పెద్దక్షరాలతో రాసి. నిన్న రాత్రి వీడియో కాల్‌లో కప్పు మీద స్టీలు ప్లేటు బోర్లించి చూపించింది. "ఇప్పుడు తియ్యొచ్చా?" అంది. ఇంకో రెండు నిమిషాలమ్మా అన్నాను.