మా డాబాకు తెల్ల రంగు: మూడు నెలల కథ

మాది కూకట్‌పల్లి వైపు ఒక పాత అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు, పది ఫ్లాట్లు. మేముండేది చివరి అంతస్తులో. ఏప్రిల్ నెలలో రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగ్ మీద చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి మన మీద కక్కుతుంది. ఫ్యాన్ వేస్తే ఆ సెగనే కిందికి తోస్తుంది. ఏసీ ఉంది, దానికి తగ్గ బిల్లూ వస్తుంది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఎండను తిప్పికొట్టేలా మార్చాలని లక్ష్యం. అందులో 200 ఔటర్ రింగ్ రోడ్డు లోపలే. పేపర్లో చదివి మనకేదో సాయం దొరుకుతుందనుకున్నాను. ఒక పూట సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే మూడు కౌంటర్లు తిప్పి, చివరికి ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. ప్రభుత్వ భవనాలకు, కమర్షియల్ బిల్డింగులకు తప్పనిసరి. ఇళ్లయితే 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, అది కూడా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో, అంటే కట్టాక ఇంట్లో చేరడానికి ఇచ్చే అనుమతితో ముడిపెట్టారు. మాది 450 గజాలు, ఎప్పుడో కట్టేసింది. "మీ ఇష్టం సార్, వేసుకుంటే మంచిదే" అన్నాడు. అంటే ప్లాన్‌లో మేం ఉన్నాం, కానీ మా అంతట మేమే కదలాలి.

2024 ఫిబ్రవరిలో అసోసియేషన్ మీటింగ్‌లో డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయించే విషయం పెట్టాను. పదిమందీ పంచుకుంటే ఫ్లాటుకు నాలుగైదు వేలు. ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ వెంటనే, "మీ ఇల్లు చల్లబడటానికి మా జేబులో చెయ్యి పెడతారేంటి బాబూ?" అన్నారు. నాకు కోపం వచ్చింది కానీ ఆయన మాటలో తప్పు లేదు. లిఫ్ట్ రిపేరు డబ్బులు కట్టేటప్పుడు ఆయన ఈ మాట అనలేదు కదా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. వేడి పైవాళ్లకే అయినా డాబా అందరిది. పగుళ్లలోంచి నీళ్లు దిగితే ఇనుము తుప్పుపట్టేది మొత్తం బిల్డింగుకి. లీకేజీ పేరు చెప్పాక ఆరుగురు ఊ అన్నారు. ఇంకొకరిద్దరు వారం తర్వాత ఒప్పుకున్నారు.

అదే మీటింగ్‌లో మా వీధిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పాను. హైదరాబాద్‌లోనే దేవరకొండ బస్తీలో 2017లో పాతిక ఇళ్ల పైకప్పుల మీద తెల్లటి షీటు పరిచి చూశారు. లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని ఇంట్లో ఆ రెండు డిగ్రీలంటే ఎంతో పడుకునేవాళ్లకే తెలుస్తుంది. 2015 వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అహ్మదాబాద్ వాళ్లు 2010లో అలాంటి దెబ్బే తిని, 2013లో ఎండలకంటూ ఒక ప్లాన్ రాసుకున్నారు. మా మీటింగ్‌లో ఇవన్నీ ఎవరూ పెద్దగా వినలేదు, టీ వచ్చింది.

పని మొదలయ్యాక అసలు టెన్షన్. పెయింటర్ మొదటిరోజు మామూలు బయటిగోడల ఎమల్షన్ బకెట్లు తెచ్చాడు. "తెలుపే కదా సార్" అన్నాడు. తెలుపే. కానీ గోడకు వేసేది డాబా మీద నీళ్లు నిలిస్తే పొరలుగా లేచిపోతుంది. కూల్ రూఫ్ రంగు బకెట్ మీద ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్) అని ఉంటుంది, ఎండను ఎంత తిప్పికొట్టి, తాగిన వేడిని ఎంత వదిలేస్తుందో చెప్పే సంఖ్య. అది చూడకుండా డబ్బులివ్వకండి. బకెట్లు వెనక్కి పంపించి ఐదు రోజులు పోగొట్టుకున్నాం.

రంగు కంటే కడగటం పెద్ద పని. ట్యాంకు కింద, డిష్ యాంటెనాల చుట్టూ ఏళ్లనాటి పాచి. ఇనుప బ్రష్షుతో గీకి, పగుళ్లు పూడ్చి, రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు రెండు కోట్లు. ఎండెక్కకముందే పొద్దున్నే వేయించాలి, లేకపోతే బ్రష్షు జరిగేలోపే ఆరిపోయి చారలు పడతాయి. 2800 చదరపు అడుగులకు రంగు, కూలీ, పగుళ్ల పనీ కలిపి 44 వేలు. చదరపు మీటరుకు దాదాపు 300 రూపాయలు అవుతుందని 2023లో ప్రభుత్వం చెప్పిన లెక్కన 78 వేలు కావాలి. మాకు తక్కువలోనే అయిపోయింది.

మూడో అంతస్తు ఆంటీ ఒక్క షరతు పెట్టింది. వడియాలకు వేడి గచ్చు కావాలట. ట్యాంకు పక్కన రెండు మంచాలంత జాగా రంగు వేయకుండా వదిలేశాం. మా బుర్రకు తట్టని ప్రయోగం ఆవిడే చేసిపెట్టింది. ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు చూడటానికి ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ పైకొచ్చారు. తెల్ల గచ్చు మీద చెప్పులు విప్పి నిలబడ్డారు. తర్వాత వడియాల జాగాలో ఒక అడుగు వేసి "అమ్మో" అని గెంతారు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఫోన్‌పేలో ఆయన వాటా వచ్చింది.

ఇంట్లో ఎంత తగ్గిందో కొలుద్దామని కరోనా నాటి థర్మామీటర్ గన్ సీలింగ్ మీద పెట్టాను. అది మనిషి నుదురనుకుని "హై" అని ఊరుకుంది. 250 రూపాయలకు గోడ థర్మామీటర్ కొన్నాను. బయట 41 ఉన్న రోజుల్లో సాయంత్రం నాలుగింటికి బెడ్‌రూంలో ముందు 37 దాటేది, ఇప్పుడు 34 దగ్గర ఆగుతోంది. మాయేం జరగలేదు, ఏసీ ఇంకా వేస్తున్నాం. కాకపోతే రాత్రి ఒంటిగంటకు ఆపేస్తున్నాం.

ఒక్క ఇబ్బంది ముందే చెప్పాలి: మధ్యాహ్నం పైకెళ్తే కళ్లు బైర్లు కమ్ముతాయి, నల్లద్దాలు ఉండాలి. జనవరికల్లా దుమ్ము పట్టి తెలుపు కాస్తా టీ రంగులోకి వచ్చింది. దుమ్ముంటే సరిగ్గా పని చేయదు కాబట్టి ఎండలు ముదరకముందే కడగాలి. ఈసారి కడిగే వంతు ఫస్ట్ ఫ్లోర్ వాళ్లది. ఆంటీ మాత్రం తన జాగా దగ్గర నీళ్లు పోయొద్దని చెప్పింది, మినప వడియాలు పెట్టే రోజులట.