మట్టికోట మీద సోషల్ క్లాసు

వరంగల్ కోట అనగానే ఎవరికైనా కీర్తి తోరణాలు గుర్తుకొస్తాయి. మా సోషల్ సార్ మాత్రం మమ్మల్ని ముందుగా మట్టికోటకే తీసుకుపోయారు. తుమ్మ చెట్లు మొలిచి, అక్కడక్కడా తెగిపోయి, తెలియనివాళ్లకు చెరువు కట్టలా కనిపించే ఆ గోడ మీదే మాకు కాకతీయుల పాఠం మొదలైంది. "యుద్ధం జరిగింది ఇక్కడ బిడ్డా, ముందు ఇది చూడుర్రి" అనేవారు.

ఆ మట్టిగోడ దాదాపు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట చుట్టూ తిరుగుతుంది. దాని బయట కందకం. 1310లో మాలిక్ కాఫూర్ ఢిల్లీ సైన్యంతో వచ్చి ముట్టడించినప్పుడు ముందు అడ్డుపడింది ఈ మట్టే. రాళ్లు విసిరే యంత్రాలతో కొట్టినా ఆ రాళ్లు గోడకు తగిలి వెనక్కి ఎగిరిపడతాయన్నట్టు అమీర్ ఖుస్రో రాశాడు. ఆయన ఢిల్లీ కొలువులోని కవి, శత్రువు కోటను పొగడాల్సిన అవసరం లేనివాడు. అందుకే ఆ మాట మీద నాకు నమ్మకం ఎక్కువ. చివరికి కందకాన్ని పూడ్చి, గోడకు గండి కొట్టి లోపలికి వచ్చారు. రాతికోట దాకా వచ్చేసరికి ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఈ కథంతా సార్ గోడ మీద నడుస్తూ చెప్పేవారు. హనుమకొండ గుట్ట వైపు చెయ్యి చాపి, కాఫూర్ మనుషులు అక్కడి నుంచే నగరాన్ని గమనించారని చెబితే అందరం అటు తిరిగి చూసేవాళ్లం.

వానాకాలం వచ్చిందంటే మాకు పండుగే. వాన వెలిసిన మర్నాడు గోడ వాలులో మట్టి కొట్టుకుపోయి కుండ పెంకులు, ఇనుప చిట్టెం బయటపడేవి. ఒకసారి మా క్లాసువాడొకడికి పిడికిలికి కొంచెం పెద్దగా, గుండ్రంగా చెక్కిన రాయి సగం కనిపించింది. వాడు ఇంటికి ఉరికి గడ్డపార పట్టుకొచ్చాడు. సార్ వాడిని తిట్టలేదు. గడ్డపార పక్కన పెట్టించి అందరినీ చుట్టూ కూర్చోబెట్టారు. రాయి ఎంత లోతున ఉంది, గోడకు లోపలి వైపా బయటి వైపా, పక్కన కాలిన మట్టి ఏమైనా ఉందా అని ఒక్కొక్కటే అడిగారు. అది విసిరిన గుండా, లేక ఎవరింట్లోనో నూరుకునే రాయా అన్నది అవన్నీ చూస్తేనే తేలుతుందన్నారు. పెకిలించి బడికి తెస్తే అది ఉత్త గుండ్రాయి. నోటుబుక్కులో బొమ్మ గీసుకుని, అడుగులతో దూరం కొలిచి రాసుకుని, రాయిని అక్కడే వదిలేసి వచ్చాం.

రాతికోటలోనూ అలాగే, చూడమనేవారు. గోడ లోపలి వైపు పొడవునా మెట్లున్నాయి. ఎందుకని అడిగితే మేం తలో మాట చెప్పాం. ఎటు నుంచి దాడి జరిగినా సైనికులు అక్కడికక్కడే పైకెక్కడానికని ఆయన చెప్పాక ఆ మెట్లు మా కంటికి వేరేగా కనిపించాయి. 45 బురుజులనూ లెక్కపెట్టాలని కొందరం బయల్దేరి, ఆకలేసి మధ్యలోనే ఇళ్లకు పోయాం. 1323లో ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ నెలల తరబడి ముట్టడించాకగానీ ఈ కోట లొంగలేదు. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని తర్వాతి శాసనం చెబుతోంది.

ఇప్పుడు గుప్తనిధుల కోసం గుళ్లనూ గోడలనూ తవ్విపోస్తున్నారన్న వార్త చదివినప్పుడల్లా నా కడుపు మండుతుంది. దొరికితే నాలుగు నాణేలు దొరుకుతాయేమో, కానీ ఆ గుంతలో పోయిన ఆనవాళ్లను మళ్లీ ఎవరూ పేర్చలేరు. భూమిలో దొరికిన విలువైన పాత వస్తువు గురించి కలెక్టర్‌కు తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది. మన ఊళ్లల్లో ఎంతమందికి తెలుసు?

పదో తరగతిలో సార్ సిద్దిపేట వైపున్న బైరాన్‌పల్లి అనే ఊరి గురించి చెప్పారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడి పదుల మందిని చంపేశాయి. అంతకుముందు దాడులను తిప్పికొట్టిన ఊరది. నాటు తుపాకులు, వడిసెలలతో బురుజు ఎక్కి కాపలా కాసిన ఊరది. హైదరాబాద్ సంస్థానం లొంగిపోయింది సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 17న. ఆ బురుజు ఇంకా నిలబడే ఉంది. పెద్దయ్యాక నేనొక్కడినే వెళ్లి చూశాను. ఊళ్లో ఒక ముసలమ్మ తన చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చేలల్లోకి ఉరికిన సంగతి చెప్పింది. ఆమె మాటలు రాసుకుంటుంటే నా చెయ్యి వణికింది.

ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి. మన బడి పూర్వ విద్యార్థుల్లో చాలామందివి జనగామ, పరకాల, సిద్దిపేట వైపు ఊళ్లే. ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే ఈ దసరాకు వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, మాట్లాడినవారి వయసు, తేదీ తప్పకుండా రాయండి. అవన్నీ మన బడి లైబ్రరీలో ఒకచోట పెట్టే బాధ్యత నేను తీసుకుంటాను.