బూడిదలోంచి తీసిన ఇల్లు

ఐస్‌లాండ్‌లోని హేమాయ్ దీవికి 40 నిమిషాల పడవ ప్రయాణమే కదా అని ధైర్యం చెప్పి అమ్మను బయల్దేరదీశాను. రేవుకు దగ్గరవుతుందని రాజధాని రేక్యవిక్‌లో కాకుండా హ్వోల్స్‌వోలుర్‌లో గది తీసుకున్నాను. తీరా పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్. అలలు ఎక్కువగా ఉన్నాయట, ఇవాళ పడవ లాండేయాహోఫ్న్ నుంచి కాదు, థోర్లాక్స్‌హోఫ్న్ నుంచి. అంటే ముందురోజు వచ్చిన దారిలోనే గంటసేపు వెనక్కి వెళ్లాలి. ఆపైన సముద్రం మీద దాదాపు మూడు గంటలు. ఆ దీవికి వెళ్లొచ్చినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు, సెప్టెంబరు దాటితే ఇది మామూలే. నాకు మాత్రం చాలా కోపం వచ్చింది. ఆ గదికి పోసిన డబ్బు గుర్తొచ్చి ఇంకా మండింది.

"పోతె పోదాం, లేకుంటె లేదు. నువ్వు టెన్షన్ పడకు బిడ్డా" అంది అమ్మ. జర్మనీలో నా దగ్గరికి వచ్చి నెల రోజులైంది తను. అగ్నిపర్వతం చూస్తానని తనే అడిగింది.

పడవెక్కిన అరగంట దాకా బాగానే ఉన్నాం. కొల్లాపూర్ నుంచి తెచ్చిన సకినాల డబ్బా తీసి ఒడిలో పెట్టుకుంది. ఆ తర్వాత పడవ లేవడం, పడడం మొదలైంది. అమ్మ మొహం పాలిపోయింది. నాకు కూడా కడుపులో తిప్పుతోంది, అయినా సంచులు పట్టుకుని తన వీపు రాస్తూ కూర్చున్నాను. ఎదురు సీట్లో ఉన్న ఒకావిడ లేచి వచ్చి, అమ్మను బల్ల మీద పడుకోబెట్టి, తన కోటు మడిచి తల కింద పెట్టింది. అరవై ఏళ్లుంటాయి. అమ్మ కంటే రెండేళ్లు పెద్దదేమో. కళ్లు మూసుకోమని అమ్మకు సైగ చేసి చూపించింది.

తర్వాత నాతో ఇంగ్లిష్‌లో మెల్లగా చెప్పింది. చిన్నప్పుడు తనకూ ఈ నీళ్ల మీదే ఇలా అయిందట, కాకపోతే అటు నుంచి ఇటు వస్తూ. 1973 జనవరి 23, రాత్రి రెండు గంటలు కావస్తుండగా వాళ్ల నాన్న లేపాడు. కిటికీలోంచి చూస్తే ఊరికి తూర్పు వైపు నేల చీలి, పొడవునా మంట లేచి ఉంది. రాత్రి బట్టల మీదే కోట్లు తొడుక్కుని రేవుకు నడిచారు. ముందురోజు తుఫాను కావడంతో చేపల పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ తుఫానే లేకపోతే అవి సముద్రంలో ఉండేవి. దీవిలో ఉన్నది సుమారు 5,300 మంది. తెల్లారేసరికి దాదాపు అందరూ దీవి దాటేశారు, ఎక్కువమంది పడవల మీద ఈ థోర్లాక్స్‌హోఫ్న్‌కే.

నేను తెలుగులో చెబుతుంటే అమ్మ కళ్లు మూసుకునే వింది. చివర్లో ఒక్కటే అడగమంది, ఇల్లేమైందని.

"లావా కింద ఉంది" అందావిడ. చెయ్యి తల పైకెత్తి, ఇంకా పైకి అన్నట్టు చూపించింది.

దీవిలో దిగాక రేవు దగ్గర చేపల సూపు తాగాం. అమ్మ రొట్టె ఒక్కటే తింది. రెండు గిన్నెల సూపు ధరకు మా కొల్లాపూర్‌లో పది మందికి భోజనం పెట్టొచ్చు. మ్యూజియం టికెట్లు ఇద్దరికీ కలిపి మన డబ్బులో మూడు వేల పైనే అయ్యాయి. అది తెలిసి అమ్మ బయటే కూర్చుంటానంది. బతిమాలి లోపలికి తీసుకెళ్లాను.

ఎల్డ్‌హేమార్ అంటే అగ్నిలోకం. 2014లో తెరిచారు. దీన్ని మామూలు మ్యూజియంలా కట్టలేదు. బూడిద తవ్వి ఒక ఇంటిని బయటికి తీసి, ఆ ఇంటి చుట్టూ భవనం కట్టారు. గెర్దిస్‌బ్రాయుత్ వీధిలో పదో నంబరు ఇల్లు. అప్పట్లో అందులో ఒక చిన్న కుటుంబం ఉండేది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా అదే. పైకప్పు కుంగిపోయింది, గోడలు నల్లబడ్డాయి, కిటికీ ఉన్నచోట ఒట్టి చట్రం. ఇంటి నాలుగు వైపులా తవ్వగా మిగిలిన నల్ల బూడిద గట్టు. చెవిలో పెట్టుకునే యంత్రం మనం ఎక్కడ నిలబడితే అక్కడి కథ చెబుతుంది. నాకు అందులోని మాట ఒక్కటీ సరిగ్గా ఎక్కలేదు. అమ్మ అయితే దాన్ని తీసి నా చేతికిచ్చేసింది.

చాలాసేపు కదలకుండా నిలబడింది. ఆ తర్వాత అంది: "వీళ్లది బూడిదలకెల్లి తవ్వి తీసిన్రు. మనది నీళ్లలకెల్లి దానంతట అదే వస్తది."

అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది, సోమశిలకు దగ్గర్లో. 1981 ఎండాకాలంలో శ్రీశైలం ముంపు కింద ఖాళీ చేయించారు. అప్పుడు తనకు పద్నాలుగేళ్లు. తాత దూలాలు, వాసాలు విప్పుకున్నాడు. అమ్మమ్మ మాత్రం దర్వాజ వదిలి రానని పట్టుబట్టిందట. గోడ పగలగొట్టి, కడపతో సహా ఎడ్లబండి మీద కొల్లాపూర్ తెచ్చారు. ఇవాళ్టికీ ఆ ఇంటికి అదే దర్వాజ. కొత్త ఇంటి గోడకు అది పొడవెక్కువైంది. నా చిన్నప్పుడు అదెందుకు అంత ఎత్తుగా ఉందో నాకు అర్థమయ్యేది కాదు. దేవుళ్లకు మా కంటే మంచి ఏర్పాటు జరిగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అది మంచి పనే, నేను కాదనను. కానీ మనుషుల ఇళ్లను అలా విప్పి నిలబెట్టినవాళ్లు లేరు. పరిహారం కోసం తాత ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాడని అమ్మ ఎప్పుడూ చెబుతుంది.

ఎండాకాలం నీళ్లు బాగా దిగినప్పుడు ఆ ఊరు బయటపడుతుంది. పునాది రాళ్లు, బావి, పగిలిన రోలు. నాకు పన్నెండేళ్లప్పుడు ఒకసారి చూశాను. వండ్రుమట్టి మీద చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తూ, ఇది పొయ్యి, ఇది గాదె అని అమ్మమ్మ చూపిస్తుంటే నాకు ఎండ తప్ప ఏమీ కనపడలేదు. ఆ రోజు విసుక్కున్నందుకు ఇక్కడ, ఈ నల్ల గోడల ముందు నాకు దుఃఖం వచ్చింది.

గోడల మీది ఫోటోలు ఇద్దరం కలిసే చూశాం. ఇళ్ల కప్పుల మీద బూడిద పారలతో తోడుతున్న మనుషులు, ఎగిరిపడే నిప్పురాళ్లు తగలకుండా కిటికీలకు కొట్టిన ఇనుప రేకులు. లావా రేవు వైపు వస్తుంటే దాని మీద నెలల తరబడి సముద్రపు నీళ్లు పంపులతో కొట్టారు. రేవు పోతే ఊరికి బతుకుతెరువే లేదు. లావా రేవు మూతి దగ్గర ఆగింది. పైగా అలల నుంచి రేవుకు కొత్త అడ్డం దొరికింది. ఒక మనిషి విషవాయువుకు చనిపోయాడు. దాదాపు 400 ఇళ్లు పోయాయి. జూలై మొదట్లో పేలుడు ఆగింది. తర్వాత జనంలో ఎక్కువమంది తిరిగొచ్చారు. ఆ మాట చెప్పినప్పుడు అమ్మ "తిరిగొచ్చేటందుకు ఊరుండె వాళ్లకు" అంది.

పై అంతస్తులో సుర్ట్‌సే గురించి ఉంది. 1963 నవంబరులో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి ఈ పక్కనే పుట్టిన దీవి. శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. శ్రీశైలం డ్యాంకు నెహ్రూ శంకుస్థాపన చేసింది ఆ ఏడాది జూలైలోనే. అది గుర్తొచ్చాక మిగతా బోర్డులు చదవబుద్ధి కాలేదు.

సాయంత్రం గాలి తగ్గాక ఎల్డ్‌ఫెల్ ఎక్కాం. 1973లో పుట్టిన కొండ అదే, 200 మీటర్ల ఎత్తు, ఎర్రని కంకర. అమ్మ రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. పైన అంచు దగ్గర కాస్త తవ్వి చెయ్యి పెడితే లోపల ఇంకా వెచ్చగా ఉంది. అర్ధ శతాబ్దం దాటినా ఆరలేదు. కింద ఊరి దీపాలు, వాటి పక్కన నల్లగా గడ్డకట్టిన లావా. పడవలో ఆవిడ ఇల్లు అందులో ఎక్కడో ఉంది. బూడిద కిందిది తవ్వి తీయొచ్చు గానీ, రాయిలో కలిసిపోయిన దాన్ని ఎవరు తీస్తారు?

అమ్మ చెయ్యి మట్టిలోంచి తీయకుండానే రెండో చేత్తో చిన్నమామకు ఫోన్ కలిపింది. అక్కడ అర్ధరాత్రి అవుతోందని చెప్పినా వినలేదు.

"తమ్ముడా, డ్యాంల నీళ్లెట్లున్నయ్?"

నిండుగా ఉన్నాయని, గేట్లు ఎత్తారని మామ చెప్పాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఏప్రిల్‌ల వస్తం" అంది. "బిడ్డను గూడ తెస్తా. బావి కాడికి తొవ్వ గుర్తున్నదా నీకు?"