వాన లెక్కల్లో బరువైన తోక

నెల్లూరు వర్షపాతాన్ని కొన్నేళ్లపాటు గమనించినవారికి సగటు మీద నమ్మకం నిలవదు. ఇక్కడి వానలో సింహభాగం ఈశాన్య రుతుపవనాల మీదా, బంగాళాఖాతపు వాయుగుండాల మీదా ఆధారపడుతుంది కనుక, ఏడాదిలో చాలా రోజులు చినుకైనా రాలకపోగా, ఒకటి రెండు రోజుల్లోనే చెరువులు అలుగు పారతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కోతకు గురైంది అటువంటి వానల వల్లనే.

ఇలాంటి దత్తాంశానికి నార్మల్ విభాజనాన్ని, అంటే విలువలు సగటు చుట్టూ గంట ఆకారంలో గుమికూడతాయనే సంభావ్యతా నమూనాను అమర్చితే, అది అరుదైన ఘటనలను దాదాపు అసంభవాలుగా లెక్కకడుతుంది. సగటుకు ఐదు ప్రామాణిక విచలనాలకు (విలువలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలతకు ఐదు రెట్లకు) పైన ఒక విలువ వచ్చే సంభావ్యత అందులో సుమారు 35 లక్షల్లో ఒకటి మాత్రమే. తోక బరువైన, అంటే చాలా పెద్ద విలువలకూ చెప్పుకోదగ్గ అవకాశమిచ్చే విభాజనాల్లో సంభావ్యత అంత వేగంగా సన్నగిల్లదు. వాటిలో ఒకటైన పరేటో విభాజనంలో, తోక ఎంత వేగంగా సన్నబడుతుందో చెప్పే ఘాతం 2 అయితే, కనిష్ఠ విలువకు పైన ఏ హద్దును తీసుకుని రెట్టింపు చేసినా, దాన్ని దాటే సంభావ్యత నాలుగో వంతుకే తగ్గుతుంది. అక్కడ విస్తృతి (ప్రామాణిక విచలనపు వర్గం) అనంతం. ఘాతం 1కి దిగితే సగటు కూడా అనంతమే. తోక బరువైన మరో విభాజనం కోషీకైతే సగటే లేదు, ఎన్ని పరిశీలనలు పోగుచేసినా వాటి సగటు స్థిరపడదు. గణాంకశాస్త్రంలో ఇంతకన్నా గంభీరమైన హెచ్చరిక నాకు కనబడలేదు.

అందుకే చెరువు కట్ట ఎత్తును నిర్ణయించేటప్పుడు, ఒక పెద్ద హద్దును దాటిన వర్షపాతాలను మాత్రమే వేరుచేసి, వాటికి పరేటోకు విస్తృత రూపమైన సాధారణీకృత పరేటో విభాజనాన్ని అమర్చే పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను. అందులో హద్దు ఎంపికే కష్టం: తక్కువగా పెడితే మామూలు వానలు చేరి అంచనాను పక్కదారి పట్టిస్తాయి, ఎక్కువగా పెడితే మిగిలే విలువలు చాలవు. వేర్వేరు హద్దుల దగ్గర ఆకార పరామితి (తోక ఎంత బరువో చెప్పే సంఖ్య) అంచనాలను గీసి చూసి, అవి నిలకడగా ఉన్న చోటును ఎంచుకోవడం ఆచరణలో ఉన్న మార్గం.