క్రికెట్ కిట్టు సరే, ప్లాన్‌లో యూత్ పేరేదీ?

ఎలక్షన్లు వస్తే చాలు, మా వైపు అందరికీ యూత్ గుర్తొస్తుంది. క్రికెట్ కిట్టు కావాలా, వాలీబాల్ నెట్టు కావాలా, వినాయకుడి మండపానికి చందా కావాలా, అడగడమే ఆలస్యం. అయిపోయాక అదే యూత్ పోయి "అన్నా, చదువుకోడానికి ఊళ్ళో ఒక రూమ్ ఉంటే బాగుండు" అంటే మాత్రం "చూద్దాం తమ్ముడూ, ఫండ్స్ రానీ" అంటారు. ఫండ్స్ లేకపోవడం సగం నిజమే, తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల టర్మ్ అయిపోయాక 2025 డిసెంబర్‌లో ఎలక్షన్లు అయ్యేదాకా స్పెషల్ ఆఫీసర్ల పాలనే కదా, గెలిచిన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం డబ్బులు, అంటే కేంద్రం పంచాయతీలకి ఇచ్చే గ్రాంటు, రావు, పంచాయతీ ట్రాక్టర్‌లో డీజిల్‌కి కూడా పంచాయతీ కార్యదర్శులు జేబులో నుంచి పెట్టుకున్న ఊళ్ళున్నాయి. మిగతా సగం మాత్రం ఎవరూ చెప్పరు. ఫండ్స్ వచ్చినా మన పని ప్లాన్‌లో లేకపోతే రూపాయి కూడా రాలదు.

ప్లాన్ అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, ఆఫీసులో అందరూ జీపీడీపీ అంటారు. ప్రతి ఏడాదీ చెయ్యాలి, గ్రామసభలో పెట్టాలి, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఫోన్ ఉన్న ఎవరైనా చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. మా ఊరిది తీసి చూశా. సీసీ రోడ్డు, సైడు కాలువ, మోటారు రిపేరు, మళ్ళీ సీసీ రోడ్డు, మళ్ళీ కాలువ. యూత్ కోసం అని ఒక్క లైను లేదు. సర్పంచుని ఒక్కడినే తిట్టి లాభం లేదులెండి, 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీళ్ళకి, పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చారు, మిగిలిన 40 శాతం మీద ఊరంతా పడుతుంది, ఎవరి వీధి వాళ్ళకి రోడ్డు కావాలి.

ఇంకో విచిత్రం. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి 29 విషయాలు రాసిచ్చారు కదా, అందులో యువజనులు లేరు, ఆటస్థలాలూ లేవు. పట్టణాలకి రాసిన పన్నెండో షెడ్యూల్లో మాత్రం పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి. ఊరోళ్ళు ఎలాగూ పొలాల్లో పరిగెడతారులే అనుకున్నారో ఏమో! గ్రంథాలయాలు మాత్రం ఉన్నాయి, సాంకేతిక శిక్షణ ఉంది, చివర 29వది ఊరి ఉమ్మడి ఆస్తుల నిర్వహణ.

ఈ నిర్వహణ అనే మాట దగ్గరే అంతా పోతోంది. 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణం అని ఊరూరా బోర్డులు పెట్టారు, ఆలోచన మంచిదే. మా దగ్గర ఊరికి దూరంగా, గుట్ట పక్కన జాగా ఇచ్చారు. బోర్డు ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది. దాని వెనక ఇనుప బార్లు తుప్పు పట్టి ఉన్నాయి, లాంగ్ జంప్ పిట్‌లో తుమ్మ మొక్కలు మోకాలి ఎత్తు పెరిగాయి, సాయంత్రం పూట మేకలు తప్ప ఎవరూ పోరు. గడ్డి ఎవరు కొయ్యాలి, లైటు ఎవరు పెట్టాలి, ప్లాన్‌లో ఎక్కడా రాసి లేదు మరి. పైగా అంత దూరం ఆడపిల్లలని ఎవరు పంపిస్తారు? యూత్ అంటే మగపిల్లలే అన్నట్టు నడుస్తోంది వ్యవహారం అంతా, కిట్టు వాళ్ళకే, గ్రౌండ్ వాళ్ళకే, చందా వాళ్ళకే.

అందుకే నేను గ్రౌండ్ కన్నా ముందు రీడింగ్ రూమ్ అడగాలంటాను. గ్రూప్-2, కానిస్టేబుల్, డీఎస్సీ అని ప్రిపేరయ్యే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉన్నారు, అబ్బాయిలైతే హైదరాబాద్ పోయి చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర హాస్టల్లో ఉంటారు, అమ్మాయిలు ఇంట్లో టీవీ సౌండ్ మధ్య చదువుకుంటారు. దీనికి డబ్బు కొత్తగా పుట్టించక్కర్లేదు కూడా, మన ఇంటి పన్నుతో పాటే గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు ఎప్పటినుంచో వసూలు చేస్తున్నారు, వెయ్యి కడితే దాని మీద 80 రూపాయలు. ఇంట్లో రసీదు ఉంటే తీసి చూడండి. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ కావాలి, కానీ స్థానిక సంస్థల దగ్గరే బకాయిలు ఆగిపోతుంటాయని ఎప్పుడూ పేపర్లో చూస్తూనే ఉంటాం.

కేరళలో 1996లోనే ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి స్థానిక సంస్థల చేతిలో నిజంగా డబ్బు పెట్టారు, అక్కడ కేరళోత్సవం అని యువత ఆటలు, కళల పోటీలు పంచాయతీ స్థాయి నుంచే మొదలవుతాయి. మన దగ్గర అంత దూరం వద్దు, ముందు గ్రామసభ సరిగ్గా జరిగితే చాలు. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. చాలాచోట్ల ఏం జరుగుతుందో తెలిసిందే, ఓ పదిమంది పెద్దమనుషులు కూర్చుంటారు, తర్వాత రిజిస్టర్ ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించుకుంటుంది. యూత్ వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటారు గానీ పద్దెనిమిది నిండిన ప్రతి ఓటరూ ఆ సభలో సభ్యుడే అని, కాగితం మీద రాసి ఇచ్చి తీర్మానం చేయించుకోవచ్చని పట్టించుకోరు. నోటితో అడిగింది గాలికి పోతుంది, తీర్మానం నంబరు ఉంటే తర్వాత పోర్టల్ తీసి మన పని ఎక్కించారా లేదా అని నిలదీయొచ్చు.

ఈసారి మా మండలంలో ముప్పై దాటని సర్పంచులు కూడా గెలిచారు కాబట్టి కాస్త ఆశ ఉంది. మావాళ్ళం కాగితం రాసి పెట్టుకున్నాం: పాత స్కూల్ బిల్డింగులో ఖాళీగా ఉన్న గది, ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్లు, బెంచీలు, రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచి ఉంచడం, కరెంటు బిల్లు పంచాయతీ కట్టడం. ఇంకా గది రాలేదు గానీ తాళంచెవి ఎవరి దగ్గరుండాలని అప్పుడే గొడవ మొదలైంది. యూత్ ప్రెసిడెంట్ నా దగ్గరే అంటున్నాడు, నేనైతే డిగ్రీ చదివే అమ్మాయిల దగ్గర పెట్టమన్నా, వచ్చే సభలో అది కూడా తీర్మానంలో రాయిస్తాం.