ఎల్‌డీఎల్ 190 దాటితే ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించాలి

మనిషి సన్నగా ఉంటాడు, వేపుళ్ల జోలికి పోడు, రోజూ నడుస్తాడు. రిపోర్టులో మాత్రం ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 230. ఇలాంటివాళ్లకి మళ్లీ నూనె తగ్గించమనో, పరగడుపున వెల్లుల్లి నీళ్లు తాగమనో చెప్పడం వృథా. వంశపారంపర్యంగా వచ్చే కొలెస్ట్రాల్ ఆహారంతో మహా అయితే పది, పదిహేను శాతం తగ్గుతుంది.

రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లివర్ కణాల మీదుండే రిసెప్టర్లు లోపలికి లాగేస్తాయి. ఈ సంగతి కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. రిసెప్టర్‌ని తయారుచేసే ఎల్‌డీఎల్‌ఆర్ జన్యువులో లోపముంటే ఆ పని మందగిస్తుంది. ఏపీఓబీ, పీసీఎస్‌కే9 జన్యువుల వల్లా రావచ్చు గానీ తక్కువ. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపం వచ్చినా చాలు, పుట్టినప్పటి నుంచే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉంటుంది. సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది.

పెద్దవాళ్లలో 190, పిల్లల్లో 160 దాటితే అనుమానించాలి. అంతకంటే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూత్రంలో ప్రోటీన్, లివర్ పరీక్షలు చేయించాలి; థైరాయిడ్ తగ్గినా, కిడ్నీ నుంచి ప్రోటీన్ పోతున్నా ఎల్‌డీఎల్ ఇలాగే పెరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 400 దాటితే ల్యాబ్ లెక్కగట్టి ఇచ్చే ఎల్‌డీఎల్ నమ్మదగినది కాదు, నేరుగా కొలిచే డైరెక్ట్ ఎల్‌డీఎల్ అడగండి. ఇప్పటికే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడుతున్నవాళ్లకి 190 కొలత పనికిరాదు. మందు మొదలుపెట్టక ముందటి పాత రిపోర్టు వెతికి తీయాల్సిందే. మడమ వెనక స్నాయువు (పిక్క కండరాన్ని మడమకి కలిపే పట్టీ) లావెక్కడం, 45 ఏళ్లలోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం, ఇంట్లో 55 దాటని మగవాళ్లకో 60 దాటని ఆడవాళ్లకో గుండెపోటు: వీటిలో ఏది తోడైనా అనుమానం బలపడుతుంది.

ఒకరికి తేలితే తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. వాళ్లకి జన్యుపరీక్షే అక్కర్లేదు, మామూలు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష)తో మొదలుపెట్టవచ్చు. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త. భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి ఒకే లోపం వచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జన్యువు రెండు కాపీలూ లోపంతో వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ పిల్లల్లో ఎల్‌డీఎల్ తరచూ 400 దాటుతుంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపుపచ్చ గడ్డలు వస్తాయి, ఇరవై ఏళ్లలోపే గుండెజబ్బు రావచ్చు. ఆ గడ్డల్ని చర్మవ్యాధి అనుకుని కోయించుకుని ఊరుకుంటే అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది.

ఒక కాపీ లోపమున్న పెద్దవాళ్లకి రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు ఎల్‌డీఎల్‌ని దాదాపు సగానికి తెస్తుంది: 230 కాస్తా 115. డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది ఆరు శాతమే కాబట్టి ఎజిటిమైబ్ అనే ఇంకో మందు 10 మిల్లీగ్రాములు కలపడం మేలు, దాంతో 90 దగ్గరికి వస్తుంది. అదీ చాలకపోతే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లున్నాయి, ధరే అడ్డు. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడి స్టాటిన్ ఆపాలి. రిపోర్టు బాగుందని మిగతావాళ్లు మానేస్తే కొన్ని వారాల్లోనే అంకె మళ్లీ మొదటికొస్తుంది.

పనిలో పనిగా గుండెజబ్బు ముప్పు పెంచే ఇంకో కొలెస్ట్రాల్ కణం, లైపోప్రోటీన్(ఎ) పరీక్ష కూడా జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. ఇదీ జన్యువుల నుంచి వచ్చేదే, స్టాటిన్‌తో తగ్గదు. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు గానీ లీటరుకి 125 నానోమోల్స్ గానీ దాటితే ఎక్కువ కింద లెక్క. రిపోర్టులో ఏ యూనిట్ రాశారో చూసి మరీ పోల్చుకోండి.